అలకా, జబ్బా? పిల్లుల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా గండుపిల్లికి నాలుగేళ్లు. ఆపరేషన్ చేయించాం. ఇన్నాళ్లూ బుద్ధిగా ట్రేలోనే పోసేది. నెల రోజులుగా పరుపు మీద, విడిచిన బట్టల మీద పోస్తోంది. మేం వారం రోజులు ఊరెళ్లి వచ్చాక మొదలైంది. కక్ష కట్టి చేస్తోందని ఇంట్లో అంటున్నారు. రెండు తగిలిస్తే మానుతుందా?

జవాబు: కొట్టకండి. కొడితే మీ కంటపడని చోట పోయడం నేర్చుకుంటుంది, అంతే. కక్షలూ కార్పణ్యాలూ మనుషుల లెక్క. పిల్లి ట్రే మానిందంటే ఒంట్లోనో, ట్రేలోనో, ఇంట్లోనో ఏదో తేడా వచ్చిందని అర్థం.

ముందు తేల్చుకోవలసింది మూత్రం అసలు వస్తోందా అన్నది. పదేపదే ట్రేలోకి వెళ్లి, నడుం వంచి కూర్చుని, ముక్కి ముక్కి చుక్క పడకుండానే లేస్తోందా? మధ్యలో అరుస్తోందా, మర్మాంగాన్ని అదే పనిగా నాక్కుంటోందా? అయితే ఈ పేజీ పక్కన పడేసి, రాత్రయినా సరే వెంటనే వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. స్ఫటికాలో జిగురులాంటి పదార్థమో అడ్డుపడితే దారి పూర్తిగా మూసుకుపోతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. ముక్కడం చూసి మలబద్ధకం అనుకుని విరేచనాల మందు పట్టేవాళ్లున్నారు. ఆ పూట వృథా కావడమే పిల్లి పాలిట శాపం.

మూత్రం వస్తోంది కానీ కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు, ఎర్రజీరతో వస్తోందంటే అదీ వైద్యం పనే. ఒక రోజు మించి ఆగొద్దు. ఈ వయసు పిల్లుల్లో చాలాసార్లు పరీక్షలో బ్యాక్టీరియా ఏమీ కనబడదు, మూత్రాశయం మాత్రం వాచి ఉంటుంది. మీరు ఊరెళ్లడం, కొత్త మనిషి రావడం, సామాను మార్చడం లాంటి బెంగే దీన్ని రేపుతుంది. కాబట్టి యాంటీబయాటిక్‌తో పని జరగదు. నొప్పి తగ్గించే మందు, ఒంట్లోకి నీళ్లు ఎక్కువ పోయేలా తడి మేత, తిండికీ ఆటకీ రోజూ ఒకే వేళ, ఇవీ పనిచేసేవి.

పరీక్షలన్నీ బాగుంటే అప్పుడు ట్రే సంగతి చూడండి. నిలబడి, తోక నిటారుగా లేపి వణికిస్తూ గోడ మీద చిమ్మితే అది హద్దు గుర్తు వేయడం. దానికి చాలాసార్లు కిటికీ అవతల తిరిగే మరో పిల్లే కారణం, కిటికీ కింది సగం మూసేయండి. మీ పిల్లిలా మెత్తటి చోటు చూసుకుని కూర్చుని పోస్తే తప్పు ట్రేదే కావచ్చు. ముక్కు నుంచి తోక మొదలు వరకు ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్ల పొడవు ట్రే కావాలి. పిల్లుల కోసమని అమ్మే ట్రేలు చాలావరకు ఇంతకంటే చిన్నవి. దుప్పట్లు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా తెచ్చి ఒక పక్క గోడను కోసి గుమ్మం చేస్తే నయం. మూత ఉన్నవి మనకు ముచ్చటగా ఉంటాయి కానీ వాసన లోపలే నిలుస్తుంది. వాసన కలపని, సన్న ఇసుకలా ఉండి గడ్డకట్టే లిట్టర్ (ట్రేలో పరిచే గుళికల పొడి) 5 నుంచి 7 సెంటీమీటర్ల మందాన పోయండి. గడ్డలు రోజుకు రెండుసార్లు తీయండి. ఒక పిల్లికి రెండు ట్రేలు, రెండు పిల్లులకు మూడు. పక్కపక్కనే పెట్టినవి పిల్లి లెక్కలో ఒక్కటే. తిండి గిన్నె దగ్గర, ఉన్నట్టుండి చప్పుడు చేసే వాషింగ్ మెషిన్ పక్కన వద్దు.

ఇక ఆ పరుపు. సబ్బునీళ్లతో మన ముక్కుకు వాసన పోతుంది, పిల్లి ముక్కుకు పోదు. యూరిక్ ఆమ్లపు స్ఫటికాలు నీళ్లలో సరిగా కరగవు, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా మళ్లీ కంపు కొడతాయి. ఎంజైమ్ క్లీనర్ (ఆ స్ఫటికాలను విరగ్గొట్టే ద్రవం) వాడండి. పైపైన చిలకరించడం కాదు, మూత్రం ఎంత లోతుకు దిగిందో అంత లోతుకు అదీ దిగాలి. సీసా మీద రాసినంతసేపు తడిగా ఉంచి, పాతబట్టతో అద్ది, ఆరనివ్వండి. అమోనియా ఉన్న క్లీనర్లు వాడితే మూత్రం వాసన మీరే పోసినట్టు.

ప్రశ్న: పిల్లికి మాత్ర వేయడం మా వల్ల కావడం లేదు. చేతులన్నీ రక్కేసింది. తిండిలో కలిపితే మాత్ర వదిలేసి మిగతాది తింటోంది. పొడి చేస్తే నోటివెంట నురగ కక్కింది, విషమయిందేమోనని భయపడ్డాం.

జవాబు: ఆ నురగ విషం కాదు, చేదు. పొడి నాలుకంతా అంటుకుంటే పిల్లికి లాలాజలం అలాగే కారుతుంది. పైగా కొన్ని మాత్రలు పొడి చేస్తే పనిచేయవు, ముందు డాక్టర్ని అడగాలి.

జారని బల్ల మీద తువ్వాలు పరిచి పిల్లిని కూర్చోబెట్టండి. దాని వీపు మీ పొట్టకు ఆనాలి, ముఖం అవతలికి ఉండాలి. చంటిబిడ్డను పొత్తిళ్లలో చుట్టినట్టు తల ఒక్కటే బయటికి ఉండేలా చుట్టేయండి. ముందుకాళ్లు లోపలే ఉండాలి, రక్కేది అవే. ఎడమచేతిని తల మీదుగా తెచ్చి బొటనవేలు ఒక దవడ ఎముక మీద, మధ్యవేలు రెండోదాని మీద ఆనించి, ముక్కు పైకప్పును చూసేలా తల వెనక్కి వంచండి. ఆ భంగిమలో కింది దవడ దానంతటదే వదులవుతుంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య మాత్ర పట్టుకుని, మధ్యవేలితో కింది చిన్న పళ్లను నొక్కితే నోరు తెరుచుకుంటుంది. నాలుక మధ్యగీత మీద, ఎంత లోపలికి వీలైతే అంత లోపల మాత్ర వదలండి. నాలుక కొసన వేస్తే ఉమ్మేస్తుంది, పక్కకు వేస్తే కొరికేస్తుంది. వెంటనే నోరు మూసి తల మామూలుగా దించండి. ముక్కు నాక్కుందంటే మింగినట్టే. మొత్తం పది సెకన్లు. మూడోసారికీ కాకపోతే వదిలేసి గంట ఆగండి, పంతానికి పోతే పిల్లే గెలుస్తుంది.

పని అక్కడితో అయిపోలేదు. సూది తీసిన సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్లు దవడ పక్కనుంచి, ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఆగి ఆగి పట్టండి. నీళ్లు లేకుండా వేసిన మాత్ర పిల్లి అన్నవాహికలో చాలాసేపు ఇరుక్కుపోగలదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అయితే అక్కడే పుండు చేసి, మానాక గొట్టాన్నే సన్నం చేస్తుంది. నీళ్లు నేరుగా గొంతులోకి చిమ్మితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందుకే పక్కనుంచి.

మందుల మాట వచ్చింది కనుక ఒక్క మాట. జ్వరంగా ఉందని పారాసెటమాల్ ఇవ్వకండి, ముక్క కూడా. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. మనుషుల మాత్ర ఒక్కటి చాలు చంపడానికి. కుక్కల కోసం అమ్మే, పెర్మెత్రిన్ ఉన్న పేల మందు కూడా అంతే.

ప్రశ్న: చిన్న కూనను తెచ్చిన దగ్గర్నుంచి మా పెద్ద పిల్లి అలిగి మంచం కింద దూరింది. రెండు రోజులుగా ఏమీ తినలేదు. ఆకలేస్తే అదే తింటుందిలే అని ఊరుకున్నాం.

జవాబు: ఇక ఊరుకోకండి, ఈరోజే డాక్టరుకు చూపించండి. కుక్క రెండు రోజులు పస్తున్నా తట్టుకుంటుంది. పిల్లి, అందులోనూ బొద్దుగా ఉన్న పిల్లి, తిండి మానితే ఒంటి కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుని, దాన్ని పనిచేయనివ్వదు. చెవి లోపలి చర్మం, చిగుళ్లు పచ్చబడ్డాయంటే అప్పటికే ముదిరినట్టు. ఎదిగిన పిల్లి పూర్తిగా ఒక రోజు తినకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి, కూనకైతే అంత గడువు కూడా లేదు. తడి మేతను గోరువెచ్చగా చేసి పెడితే వాసన లేచి నోరు కదపవచ్చు. కూనను తలుపు మూసిన వేరే గదిలో ఉంచండి. పక్కబట్టలు అటూ ఇటూ మార్చి ఒకదాని వాసన ఒకదానికి అలవాటు చేయండి. తలుపుకు చెరో వైపు గిన్నెలు పెట్టి, నిమ్మళంగా తింటున్నాయని తేలాకే సందులోంచి చూపించండి. వారాలు పట్టవచ్చు.

ప్రశ్న: నాకు మూడో నెల. పిల్లి ఉంటే బిడ్డకు ప్రమాదమని, దాన్ని వదిలేయమని పెద్దవాళ్లు పట్టుబడుతున్నారు.

జవాబు: వదిలేయనక్కర్లేదు. భయమంతా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గురించి. పచ్చిమాంసమో ఎలుకనో తిని కొత్తగా సోకిన పిల్లి ఒకటి నుంచి మూడు వారాల పాటు దాని గుడ్లను మలంలో వదులుతుంది. పడిన వెంటనే అవి అంటుకోవు, అంటుకునే దశకు రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు కావాలి. ట్రేను రోజూ తీస్తే ఆ గడువే దొరకదు. ఆ పని ఇంట్లో మరొకరు చేయాలి. తప్పనిసరై మీరే చేస్తే గ్లౌజులు వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లిని బయట తిరగనివ్వకండి, పచ్చిమాంసం పెట్టకండి. పిల్లిని నిమిరితే వచ్చే జబ్బు కాదిది. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, తోటమట్టి, వీటివల్లా సోకుతుంది. పెద్దవాళ్లు వీటిమీద పట్టుబడితే బాగుండును. ఇంతకుముందే మీకు సోకి ఉందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది, మీ డాక్టర్ని అడగండి.

ప్రశ్న: పిల్లికి పాలు పోయొచ్చా?

జవాబు: అవసరం లేదు. తల్లిపాలు మానాక చాలా పిల్లులకు లాక్టోజ్ అరగదు, విరేచనాలవుతాయి. తాగడానికి మంచినీళ్లు చాలు.

ప్రశ్న: పదమూడేళ్ల పిల్లి. ఇదివరకటికంటే బాగా తింటోంది, అయినా చిక్కిపోతోంది. నీళ్లూ ఎక్కువే తాగుతోంది. ముసలితనమేనా?

జవాబు: ముసలితనం ఆకలి పెంచి ఒళ్లు తగ్గించదు. ఈ వయసులో ముందు అనుమానించాల్సింది థైరాయిడ్ ఎక్కువ కావడాన్ని, తర్వాత మధుమేహాన్ని. కిడ్నీ జబ్బులోనూ నీళ్లు ఎక్కువ తాగుతుంది, కానీ అందులో సాధారణంగా తిండి తగ్గుతుంది. టీ4 (థైరాయిడ్‌కు), క్రియాటినిన్ (కిడ్నీకి), గ్లూకోజ్, మూత్రపరీక్ష, బీపీ చూపించండి. బీపీ పెరిగి రాత్రికి రాత్రి చూపు పోయే పిల్లులున్నాయి, కాబట్టి దాన్ని వదిలేయొద్దు.

వెళ్లేముందు రెండు అంకెలు పట్టుకెళ్లండి. ఒకటి బరువు. పసిపిల్లల తూకం దొరికితే సరే, లేదంటే పిల్లిని ఎత్తుకుని ఒకసారి, దించి ఒకసారి మీరు తూగి తీసివేయండి. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గడమంటే 60 కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టే, బొచ్చు కింద అది కంటికి ఆనదు. రెండోది నీళ్లు. పొద్దున కొలిచి పోసి, మర్నాడు అదే వేళకు మిగిలింది కొలవండి. మిగతా గిన్నెలు, బకెట్లు మూసి ఉంచండి. కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు దాటితే, అంటే నాలుగు కిలోల పిల్లి రోజుకు 200 పైన తాగుతుంటే, ఆ సంగతి డాక్టరుతో మొదటే చెప్పండి.