చదువు మానేసి చార్దాష్ ఆడతానంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి హంగేరీలోని డెబ్రెట్సెన్‌లో అక్కడి ప్రభుత్వమిచ్చే స్టిపెండియం హంగారికుం ఉపకారవేతనంతో ఎం.ఎస్సీ. కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాడు. ఇప్పుడు అక్కడి జానపద సంగీతం, చార్దాష్ అనే జంట నృత్యం మోజులో పడ్డాడు. కోర్సు మానేసి జీవితాంతం అదే చేస్తానంటున్నాడు. ఏమని చెప్పమంటారు?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: ‘అది కూడు పెడుతుందా’ అని మీరు ఈపాటికే అడిగి ఉంటారు. అడగవలసిన ప్రశ్నే. అయితే దానికి జవాబు అతను ప్రేమించిన ఆ సంగీతం చరిత్రలోనే ఉంది.

మీ అబ్బాయి వెళుతున్నది బహుశా ‘తాంత్స్‌హాజ్’కి. అంటే ఆటల ఇల్లు; ఇక్కడ ఆటంటే నృత్యం. నేడు రుమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియా ప్రాంతంలోని సేక్ గ్రామంలో కుర్రకారు ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, వాద్యగాళ్లను పిలిపించుకుని ఆడుకునేవారు. 1972లో బుడాపెస్ట్ యువకులు ఆ పద్ధతిని నగరానికి తెచ్చారు. వేదిక మీద ఎవరో ఆడితే చూసి చప్పట్లు కొట్టడం కాదు, వచ్చినవాళ్లంతా ఆడడమే. ఆ తొలి రోజుల్లో వాయించిన ఫెరెంత్స్ షెబ్యో, బేలా హల్మోష్ ఇద్దరూ చదివింది ఆర్కిటెక్చర్. ముజికాష్ అనే ప్రసిద్ధ బృందంలో బాస్ వాయించే డానియెల్ హమర్ భూభౌతిక శాస్త్రవేత్త. పట్టా చేతిలో ఉన్నంత మాత్రాన వారి సంగీతానికి ఏ లోటూ రాలేదు. మీ మాటగా చెబితే అతను వినకపోవచ్చు. ఈ పేర్లు చెప్పి చూడండి.

కోర్సు మాత్రం మానకూడదు. మానితే ఉపకారవేతనం పోతుంది. అతను ఆ దేశంలో ఉంటున్నది విద్యార్థిగా కాబట్టి నివాస అనుమతికీ ముప్పు వస్తుంది. అప్పుడు ఆటా ఉండదు, ఇల్లూ ఉండదు.

ఇక ఆడి బతకడం సంగతి. జీతమిచ్చే వృత్తి బృందాలు కొద్ది. వాటిలో చోటు కోసం పోటీపడేవాళ్లలో చాలామంది చిన్ననాటి నుంచీ ఆడుతున్నవాళ్లే. ఇరవైలు దాటాక మొదలుపెట్టినవాడికి ఆ దారి ఇరుకు. నా లెక్కలో అతని అసలు బలం కాళ్లలో లేదు, చెవిలో ఉంది. హంగేరీ పాత బాణీల్లో చాలా వాటి పంచస్వర క్రమం మన శుద్ధ ధన్యాసి రాగం స్వరాలకు సరిపోతుంది. పాట పైస్థాయిలో మొదలై కిందికి దిగుతుంది. ఒకసారి అతన్ని వాయించి చూడమనండి, ఫోనులో మీరూ వినండి. అక్కడి పల్లె బాణీని పట్టుకోవడానికి కాగితం మీది స్వరాలు చాలవు, పాత రికార్డింగులు మళ్లీ మళ్లీ వినాలి. గురువు ఎదుట కూర్చుని విని నేర్చుకున్నవాడికి అదేమీ కొత్త కాదు. ‘కొంత్రా’ అనే మూడు తీగల వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) కూడా పట్టమనండి. దాని తీగలను మోసే బ్రిడ్జి చదునుగా ఉంటుంది కాబట్టి మూడు తీగలూ ఒకేసారి మోగుతాయి. నృత్యానికి లయ పట్టేది చాలావరకు అదే.

భాష తప్పనిసరి. అయితే తెలుగువాడికి ఒక వెసులుబాటు ఉంది. మనం ‘డెబ్రెట్సెన్‌లో’ అన్నట్టే వాళ్లు ‘డెబ్రెట్సెన్‌బెన్’ అంటారు. విభక్తి పదం చివరే అంటుకుంటుంది.

ఎం.ఎస్సీ. పూర్తయ్యాకా మోజు అలాగే ఉంటే ‘కొరియోముండుస్’ అనే రెండేళ్ల మాస్టర్స్ గురించి విచారించమనండి. నృత్యాన్ని విజ్ఞానంగా, వారసత్వంగా పరిశీలించే చదువు అది. సెగెద్ విశ్వవిద్యాలయం అందులో భాగస్వామి. సంగీతం బోధించాలనుంటే కెచ్‌కెమేట్‌లోని కొదాయ్ సంస్థ ఉంది. బార్తోక్, కొదాయ్ వంటి స్వరకర్తలు మైనపు గొట్టాల మీద పల్లె పాటలు రికార్డు చేసి సేకరించిన దేశం కాబట్టి, ఆ నిధిని డిజిటల్‌గా భద్రపరిచే పనిలో కంప్యూటర్ చదువు కూడా అక్కరకొస్తుంది.

ఈసారి ఫోను చేసినప్పుడు ‘ఏ ఊరి ఆట నేర్చుకుంటున్నావురా?’ అని అడగండి. ‘చార్దాష్’ అని ఊరుకుంటే ఇంకా మోజు దశలోనే ఉన్నాడు. ఫలానా ఊరు, ఫలానా వయొలిన్ వాద్యకారుడు అంటూ గంటసేపు చెబితే, మధ్యలో ఫోను పెట్టేయకండి.