మాంసం మీద వైరస్‌లు చల్లితే లిస్టీరియా, సాల్మొనెల్లా చస్తాయా? మన చికెన్ షాపుల్లో వాడొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. పర్లాకిమిడిలో చికెన్ షాపు నడుపుతున్నారు. దాని పక్కనే సాసేజ్‌లు, పొగబెట్టిన చికెన్ ముక్కలు ప్యాక్ చేసి గుణుపురం, రాయగడ దాకా పంపే చిన్న యూనిట్ పెట్టాలనుకుంటున్నారు. అమెరికాలో మాంసం మీద వైరస్‌లు చల్లి లిస్టీరియా, సాల్మొనెల్లా లాంటి హానికర బ్యాక్టీరియాను చంపుతారని విన్నారు. అది తినేవాళ్లకు ప్రమాదం కాదా, మన దగ్గర పనికొస్తుందా అని అడిగారు.

సాసేజ్ యూనిట్‌కు పనికొస్తుంది, అదీ మిగతావన్నీ సరిగ్గా ఉన్న తర్వాత ఆఖరి మెట్టుగానే. పచ్చి చికెన్ షాపుకైతే ప్రస్తుతానికి దాని మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

ముందు భయం సంగతి. వీటిని బ్యాక్టీరియోఫేజ్‌లు అంటారు, క్లుప్తంగా ఫేజ్‌లు. ఇవి బ్యాక్టీరియాకే పట్టే వైరస్‌లు, మనిషి కణంలోకి దూరలేవు. మన పేగుల్లో, మట్టిలో, మహేంద్రతనయ నది నీళ్లలో ఎప్పుడూ ఉండేవే. రోజూ ఎన్నో కోట్లు మింగుతూనే ఉంటాం. 2006 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆరు ఫేజ్‌ల మిశ్రమాన్ని, నేరుగా తినే మాంసం, కోడిమాంసం మీద లిస్టీరియా మోనోసైటోజీన్స్‌ను చంపడానికి చల్లవచ్చని అనుమతించింది. వండకుండా తినే సరుకుకే ఎందుకు ఇచ్చారంటే, లిస్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది. గర్భిణులకు, కడుపులో బిడ్డకు, పసిపిల్లలకు, వృద్ధులకు అది ప్రాణాంతకం కావొచ్చు. తిన్న 70 రోజుల తర్వాత కూడా జబ్బు బయటపడొచ్చు. 2017-18లో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే సాసేజ్ లాంటి సరుకు వల్ల 200 మందికి పైగా చనిపోయారు. మీరు పెట్టబోయేది సరిగ్గా ఆ కోవకు చెందిన సరుకే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అసలు అనుమానించాల్సింది సీసాలో ఫేజ్‌తో పాటు ఇంకేముందన్నది. ఫేజ్‌ను పెంచాలంటే బ్యాక్టీరియాలోనే పెంచాలి. అది పగిలినప్పుడు దాని విషాలు, తుక్కు ద్రావణంలో కలుస్తాయి. వాటిని వడకట్టి తీసేశారని, బతికున్న లిస్టీరియా లేదని ప్రతి బ్యాచ్‌కూ పరీక్ష కాగితం ఉండాలి. రెండోది, బ్యాక్టీరియాను వెంటనే పగలగొట్టే రకం ఫేజ్‌లే వాడాలి. ఇంకో రకం ఉంది, అది చంపకుండా బ్యాక్టీరియా డీఎన్ఏలో దాక్కుని, తన వెంట విషపు జన్యువులు మోసుకెళ్తుంది. కలరా విషం జన్యువు, ఈ.కోలై ఓ157 షిగా విషం జన్యువు అలా ఫేజ్‌ల మీద ప్రయాణించేవే. కాబట్టి కాలువ నీళ్లు వడగట్టి సొంతంగా ఫేజ్ తయారుచేద్దామన్న ఆలోచన ఎవరికీ రాకూడదు.

ఇక చాలామంది పొరబడే చోటు. ‘ఫేజ్ ఒక బ్యాక్టీరియాలో దూరి వందకు పైగా పిల్లల్ని పెడుతుంది, అవి మళ్లీ దూరతాయి, కాబట్టి కాస్త చల్లితే చాలు, మిగతా పని అదే చూసుకుంటుంది’ అనుకుంటారు. ఫ్లాస్కులో, బ్యాక్టీరియా కిక్కిరిసిన రసంలో అది నిజమే. సాసేజ్ మీద మాత్రం నిజం కాదు. అక్కడ బ్యాక్టీరియా చదరపు సెంటీమీటరుకు ఏ పదో, వందో, దూరదూరంగా ఉంటాయి. ఫేజ్ ఈదలేదు, పాకలేదు. తడి పొరలో ఎటు కదిలితే అటే. ఒకటి పగిలి వంద పుట్టినా పక్కన తగిలే బ్యాక్టీరియా ఉండదు. పైగా 4 డిగ్రీల్లో బ్యాక్టీరియా మందకొడిగా ఉంటుంది కాబట్టి లోపల ఫేజ్ పెరగడమూ నెమ్మదే. అంటే మొదటి చల్లడంలోనే ప్రతి బ్యాక్టీరియాకూ ఫేజ్ తగిలేంత సంఖ్య పడాలి.

లెక్క చూడండి. ఆ అమెరికా అనుమతిలో ద్రావణం బలం మిల్లీలీటరుకు 100 కోట్లు, గరిష్ఠ మోతాదు 500 చదరపు సెంటీమీటర్లకు 1 మి.లీ. అంటే చదరపు సెంటీమీటరుకు 20 లక్షల ఫేజ్‌లు. 15 సెం.మీ. పొడవు, 2.5 సెం.మీ. మందం ఉన్న సాసేజ్ ఉపరితలం సుమారు 118 చ.సెం.మీ. నాలుగు సాసేజ్‌ల ప్యాకెట్‌కు 1 మి.లీ. కంటే కొంచెం తక్కువే వస్తుంది. అంత కొద్ది ద్రవాన్ని నాలుగింటికీ అన్నివైపులా అంటించాలంటే పొగమంచులా పడే స్ప్రే నాజిల్ కావాలి. ఇస్త్రీ బట్టలకు నీళ్లు కొట్టే సీసాతో పెద్ద చుక్కలు పడి, చుక్కకూ చుక్కకూ మధ్య పొడి మచ్చలు మిగులుతాయి, ఆ మచ్చల్లో లిస్టీరియా క్షేమంగా ఉంటుంది. సాసేజ్‌కు తెల్ల కాగితం చుట్టి, తినే రంగు కలిపిన నీళ్లు అదే స్ప్రేతో కొట్టి, కాగితం విప్పి చూడండి. అడుగువైపు, రెండు సాసేజ్‌లు ఆనుకున్న చోట తెల్లగా మిగిలితే మీ స్ప్రే పని చేయడం లేదు.

వరుస ఇలా ఉండాలి. సాసేజ్ మధ్యభాగం 74 డిగ్రీలకు చేరేలా ఉడికించడం, గబగబా 5 డిగ్రీల లోపుకు చల్లార్చడం, పొర తీయడం లేదా కోయడం, ఆపైన ఫేజ్, వెంటనే వాక్యూమ్ ప్యాక్, 0-4 డిగ్రీల్లో నిల్వ. ఉడికాక సరుకు శుభ్రంగానే ఉంటుంది. లిస్టీరియా తిరిగి అంటుకునేది స్లైసర్ బ్లేడు దగ్గర, చల్లగది పైకప్పు నుంచి కారే చెమట చుక్కల వల్ల, నేల కాలువ నుంచి. అందుకే ఫేజ్ ఆ తర్వాతే పడాలి. ముందు చల్లితే ఉడుకులో అదీ చస్తుంది. సరుకు మీద నీళ్లు నిలిచి ఉంటే ఫేజ్ జారి ట్రేలోకి పోతుంది, ఆరనిచ్చి చల్లండి.

క్లోరిన్ ఫేజ్‌కు శత్రువు. మునిసిపల్ కుళాయి నీళ్లతో పలచన చేయకండి, కాచి చల్లార్చిన నీళ్లు వాడండి. బల్లను హైపోక్లోరైట్‌తో తుడిచి కడగకుండా అక్కడే ఫేజ్ కొడితే డబ్బు కాలువలో పోసినట్టే. సీసా 2-8 డిగ్రీల్లో, వెలుతురు తగలకుండా ఉండాలి. మన వైపు మే నెలలో కరెంటు పోయి రోజంతా సీసా 38 డిగ్రీల్లో ఉంటే చూడ్డానికి ఏ మార్పూ కనిపించదు, సంఖ్య మాత్రం పడిపోయి ఉండొచ్చు. అనుమానం వస్తే ల్యాబులో మళ్లీ లెక్కపెట్టించాలి.

పచ్చి చికెన్‌కు ఎందుకు వద్దన్నానంటే, అక్కడి ప్రధాన శత్రువు సాల్మొనెల్లా. అందులో 2,500కు పైగా ఉపరకాలున్నాయి. ఫేజ్‌లు ఎంచుకుని పడతాయి, విదేశీ కోళ్ల ఫారాల రకాలకు తయారైన మిశ్రమం మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఫారాల రకాలకు పడుతుందన్న హామీ లేదు. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. మీ కోళ్ల నుంచి తీసిన సాల్మొనెల్లాను ప్లేటులో మెత్తటి అగార్‌లో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీలో) పరిచి, పైన 10 మైక్రోలీటర్ల ఫేజ్ చుక్క వేసి, రాత్రంతా 37 డిగ్రీల్లో ఉంచితే చుక్క పడ్డ చోట తేటబడాలి. తేటబడకపోతే ఆ సీసా మీకు పనికిరాదు. గరివిడి పశువైద్య కళాశాల మీకు దగ్గర, మైక్రోబయాలజీ విభాగంలో అడిగి చూడండి.

అదీగాక షాపులో మురికి ఉన్నంతకాలం ఫేజ్ ఏమీ చేయలేదు. బాగా కుదిరినా అది బ్యాక్టీరియాను పదో వంతుకో, వందో వంతుకో తగ్గిస్తుంది. ఆదివారం రద్దీలో ఒకే బకెట్ నీళ్లలో పాతిక కోళ్లు ముంచితే అంతకు అంత మళ్లీ అంటుకుంటుంది. ఆ బకెట్ తీసేసి కుళాయి ధార పెట్టండి. ఈకలు వదిలించే వేడినీళ్ల డ్రమ్ము 58-60 డిగ్రీలు తగ్గకుండా థర్మామీటరు వేలాడదీయండి. చింతమొద్దు మీద గాట్లు పడ్డాయంటే అందులో నెత్తురు, కొవ్వు చేరి ఎంత కడిగినా పోవు. తెల్ల ఫుడ్‌గ్రేడ్ ప్లాస్టిక్ బోర్డుకు మారండి. కందనకాయ, పేగులు తీసే కత్తి వేరు, ముక్కలు కొట్టే కత్తి వేరు. సాయంత్రం ముందు సబ్బునీళ్లతో కొవ్వు పోయేలా తోమి, తర్వాతే క్లోరిన్. 5 శాతం హైపోక్లోరైట్ లీటరు నీళ్లకు 2 మి.లీ. వేస్తే 100 పీపీఎం (పది లక్షల భాగాలకు 100 భాగాలు) వస్తుంది. జిడ్డు, నెత్తురు ఉండగా పోస్తే క్లోరిన్ వాటి మీదే ఖర్చైపోతుంది.

అనుమతి సంగతి: అమెరికా అనుమతి ఇక్కడ చెల్లదు. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ జాబితాలో లేని పదార్థమైతే 2017 నాటి నిర్దేశిత జాబితాలో లేని ఆహార పదార్థాల నిబంధనల కింద ముందస్తు అనుమతి ఉండాలి. అమ్మేవాళ్లను ఆ కాగితం అడగండి, జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి చూపించాకే కొనండి.

చివరిగా ల్యాబు పరీక్ష గురించి. ఫేజ్ చల్లిన సాసేజ్‌ను అలాగే పంపితే, దాని మీద మిగిలిన ఫేజ్ ల్యాబు వాళ్లు లిస్టీరియాను పెంచే రసంలోకి కూడా పోతుంది. సరుకు మీద బతికే ఉన్న లిస్టీరియాను అక్కడ చంపేసి ‘లేదు’ అని ఫలితం తెప్పిస్తుంది. నమూనాతో పాటు ఫేజ్ వాడామని రాసి ఇవ్వండి. అదే బ్యాచ్‌లో ఫేజ్ చల్లని నాలుగైదు ప్యాకెట్లు, స్లైసర్ బ్లేడు, కాలువ స్వాబ్‌లు (దూదిపుల్లతో తుడిచి తీసిన నమూనాలు) కూడా పంపండి. మీ యూనిట్ నిజంగా ఎంత శుభ్రంగా ఉందో ఆ నమూనాల్లోనే తెలుస్తుంది.