అరవై దాటిన శాకాహార దంపతులకు జపాన్ సత్రంలో బస కుదురుతుందా? మా అనుభవం

అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, నేల మీద పరుపు ఎలా అని మీకు బెంగ. నాన్నగారికి నలుగురి మధ్య స్నానమంటే మొహమాటం. ఇద్దరూ శాకాహారులు, అమ్మగారైతే ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. ఇలాంటప్పుడు జపాన్‌లో ర్యోకాన్ అనే సంప్రదాయ సత్రంలో ఉంచవచ్చా, లేక మామూలు హోటళ్ళతో సరిపెట్టాలా అని అడిగారు. తప్పకుండా ఉంచండి. నేనూ మా వారూ రిటైరయ్యాక జపాన్ వెళ్ళాం. ఆయనకు బీపీ, నాకు మోకాళ్ళు, ఇద్దరం శాకాహారులం. ఆ ప్రయాణంలో మేం ఇప్పటికీ తలుచుకునేది సత్రాల్లో గడిపిన సాయంత్రాలనే. అయితే సత్రం ఎంచుకోవడంలోనూ, ఆ రోజు ప్రోగ్రాం వేయడంలోనూ కాస్త జాగ్రత్త కావాలి.

ర్యోకాన్ అంటే ఊరంతా తిరిగొచ్చి రాత్రి తల దాచుకునే లాడ్జి కాదు. అక్కడ ఉండటమే ఒక కార్యక్రమం. మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో గది ఇస్తారు. టీ ఇస్తారు, యుకాతా అనే నూలు అంగీ ఇస్తారు, స్నానం చేసి వస్తే 6 గంటలకే భోజనం. మర్నాడు ఉదయం 10 కల్లా ఖాళీ చేయాలి. అందుకే ఆ రోజు మధ్యాహ్నం తరువాత ఇంకే చూడదగ్గ స్థలమూ పెట్టుకోకండి. ట్రావెల్ ఏజెంట్లు ఇచ్చే ప్లాన్లలో సాయంత్రం 7 దాకా తిప్పి అప్పుడు ర్యోకాన్‌కి చేరుస్తారు. డబ్బు కట్టింది ఏ పూట కోసమో ఆ పూటే పోతుంది. పెద్దవాళ్ళకు అలసట తప్ప ఏమీ మిగలదు.

రేటు గదికి కాదు, మనిషికి చెబుతారు, రాత్రి భోజనం, ఉదయం ఫలహారం కలిపి. ఓ మోస్తరు మంచి చోట మనిషికి 15,000 నుంచి 30,000 యెన్‌ల దాకా ఉంటుంది. ఇద్దరికీ లెక్క వేసుకుని చూడండి, లేకపోతే చివర్లో బిల్లు చూసి కంగారు పడతారు. ఖరీదే, కానీ ఒక్క రాత్రి చాలు. మిగతా రోజులు స్టేషన్ పక్కన మామూలు హోటల్లో ఉండటమే హాయి.

ఇక నేల సంగతి. గదిలో తాతామి చాపలు పరిచి ఉంటాయి, రాత్రికి వాటి మీద ఫుతోన్ పరుపు వేస్తారు. పరుపు బాగానే ఉంటుంది, కష్టమల్లా తెల్లవారుజామున లేవడమే. జపాన్ జనాభాలో వందకు 29 మంది దాకా 65 దాటినవాళ్ళే. వాళ్ళ తాతయ్యలకూ మామ్మలకూ ఇదే ఇబ్బంది కాబట్టి సత్రాలవాళ్ళు ఏర్పాట్లు చేసుకున్నారు. చాలా చోట్ల సగం తాతామి, సగం మంచాలు ఉండే గదులున్నాయి. వాటిని 'వా-యో-షిత్సు' అంటారు, బుకింగ్‌లో ఆ మాట చూసి తీసుకోండి. అది దొరకని చోట నేను అడిగితే ఒకదాని మీద ఒకటి రెండు పరుపులు వేసి ఎత్తు పెంచారు. భోజనానికి కూడా పొట్టి బల్ల, కాళ్ళు లేని కుర్చీ వేస్తారు. నడుముకి ఆనిక ఉంటుంది కానీ మోకాళ్ళు మడవక తప్పదు. మామూలు ఎత్తు బల్ల, కుర్చీ కావాలని ముందే రాయండి. అక్కడికక్కడ అడిగితే వాళ్ళు పాపం కాళ్ళకు చక్రాలు కట్టుకుని పరుగులు పెడతారు, ముందు చెబితే సిద్ధంగా ఉంచుతారు.

స్నానం గురించి నాన్నగారికి ఇలా చెప్పండి. ఒన్సెన్ అంటే భూమిలోంచి వచ్చే వేడినీటి బుగ్గ. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ వేరు వేరు గదులు. ఒంటి మీద బట్ట ఉండకూడదు, ఈత దుస్తులు కూడా ఒప్పుకోరు. మొదట పక్కన చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళంతా కడుక్కుని, ఆ తరువాతే తొట్టిలోకి దిగాలి. చిన్న తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు. ఎవరూ ఎవరివైపూ చూడరు, అది నిజం. అయినా మొహమాటం పోకపోతే 'కాషికిరి' స్నానపు గది అడగండి. ముప్పావు గంటో గంటో దంపతులిద్దరికే తాళం ఇస్తారు. కొన్ని చోట్ల ఉచితం, కొన్ని చోట్ల కొంత రుసుము. మేం అదే తీసుకున్నాం. బయట చెట్లు, లోపల పొగలు కక్కే నీళ్ళు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఇద్దరం అలా ఏ పనీ లేకుండా కూర్చున్న గుర్తు నాకు లేదు.

బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు ఇక్కడ నిజంగా జాగ్రత్త పడాలి. నీళ్ళు 40 నుంచి 42 డిగ్రీల దాకా ఉంటాయి. ఆ వేడికి రక్తనాళాలు వ్యాకోచించి బీపీ పడిపోతుంది, గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. దిగే ముందు కాళ్ళ దగ్గర నుంచి పైకి నాలుగు చెంబులు పోసుకుని ఒంటికి వేడి అలవాటు చేయాలి. ఐదు నిమిషాలు చాలు, కమ్మీ పట్టుకుని నెమ్మదిగా లేవాలి. భోజనం చేసిన వెంటనే దిగవద్దు. బయలుదేరే ముందు డాక్టరుగారిని కూడా ఒక మాట అడగండి.

అసలు కష్టం తిండి దగ్గరే. మాంసం, చేప వద్దు అంటే సరిపోదు. జపాన్ వంటకు పునాది 'దాషి' అనే రసం. అందులో ఎక్కువగా కట్సుఓబుషి, అంటే ఎండబెట్టిన చేప తురుము, వేస్తారు. పులుసులో, ఉడికించిన కూరల్లో, సోయా చట్నీల్లో కూడా అదే ఉంటుంది. పైకి చూస్తే అంతా గుమ్మడికాయ, వంకాయ, ముల్లంగి. టోక్యోకు దగ్గర్లో వేడినీటి బుగ్గలకు పేరున్న హకోనేలో మేం దిగిన ఒక సత్రానికి శాకాహారమని ముందే రాశాం, సరేనన్నారు. వడ్డించేటప్పుడు అడిగితే దాషి చేపదేనని ఆ అమ్మాయి నిజం చెప్పింది. అన్నం, ఊరగాయ ముక్కలు, ఏమీ వేయని టోఫు, పండ్లతో ఆ రాత్రి గడిచింది. పన్నెండు రకాల కంచాలు మా ముందు అలాగే ఉండిపోయాయి. అంత శ్రద్ధగా చేసిన వంట ముట్టుకోలేకపోయామని మా వారు చాలా బాధపడ్డారు. వండినవాళ్ళకి కూడా బాధే కదా.

అందుకే మీ అమ్మానాన్నలకు నా సలహా ఒకటే. ఆ ఒక్క సంప్రదాయ రాత్రి హకోనేలో కాకుండా కోయాసాన్‌లో పెట్టండి. ఒసాకాకు దక్షిణంగా, వకయామా ప్రాంతంలో సుమారు 800 మీటర్ల ఎత్తున కొండల మధ్య ఉంటుంది. కూకాయ్ అనే సన్యాసి 816లో స్థాపించిన బౌద్ధక్షేత్రం. ఆయన్నే కోబో దైషి అంటారు. అక్కడ వందకు పైగా ఆలయాలున్నాయి, వాటిలో యాభైకి పైగా యాత్రికులకు బస ఇస్తాయి. ఆ బసని షుకుబో అంటారు. అవే తాతామి గదులు, అవే పరుపులు, తోటలు. తేడా వంటలో ఉంది. అక్కడ పెట్టేది షోజిన్ ర్యోరి, సన్యాసుల భోజనం. మాంసం, చేప లేవు, దాషి కూడా కొంబు అనే సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో కాస్తారు. ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. మీ అమ్మగారు దేన్నీ పక్కన పెట్టకుండా తినగలిగే చోటు ఇలాంటిదే. నువ్వులతో చేసే గోమా-దోఫు నోట్లో వెన్నలా కరుగుతుంది. కోయా-దోఫు అనే ఎండబెట్టిన టోఫు ఆ ఊరి పేరు మీదే ఉంది. ఎందుకైనా మంచిది, దాషి సంగతి అక్కడ కూడా ఒకసారి రాసి అడగండి.

వెళ్ళడం కష్టం కాదు. ఒసాకా నంబా స్టేషన్‌లో నంకాయ్ రైలెక్కితే గొకురాకుబాషి దాకా, అక్కడి నుంచి కేబుల్ కారులో ఐదు నిమిషాలు, పైన బస్సు. బస ఎంచుకునేటప్పుడు మరుగుదొడ్డి గదిలోనే ఉందా అని తప్పక చూడండి. పాత ఆలయాల్లో అది వరండా చివర ఉంటుంది. రాత్రి రెండు మూడు సార్లు లేచేవాళ్ళకు ఆ చల్లటి నేల మీద నడక ఇబ్బంది. చలికాలంలో అక్కడ మంచు పడుతుంది, కాబట్టి వేడి సౌకర్యం గురించి కూడా అడగండి.

తెల్లవారి 6 గంటల ప్రాంతంలో ప్రార్థన ఉంటుంది, పెద్దవాళ్ళకు చాలా చోట్ల చిన్న బల్లలు వేస్తారు. కొన్ని ఆలయాల్లో అగ్నిలో సమిధలు వేస్తూ మంత్రాలు చదువుతారు. మన హోమం చూసినవాళ్ళకు ఆ గది కొత్తగా అనిపించదు. వీళ్ళది షింగోన్ శాఖ. వీళ్ళ గురుపరంపరలో ఆచార్య నాగార్జునుడిని కొలుస్తారు. నాగార్జునకొండ చూసిన మా వారు ఈ మాట విని చాలాసేపు కదలలేదు. ఒకునోయిన్ శ్మశానవాటికలో రెండు లక్షలకు పైగా సమాధులు, వందల ఏళ్ళ దేవదారు చెట్ల కింద. రాళ్ళ మీద సిద్ధం లిపి అక్షరాలు కనిపిస్తాయి, అది మన దేశం నుంచి వెళ్ళిన లిపి. కోబో దైషి 835 నుంచి అక్కడే ధ్యానంలో ఉన్నాడని వాళ్ళ నమ్మకం. ఇప్పటికీ రోజూ ఆయనకు భోజనం తీసుకెళ్తారు. మొత్తం దారి రెండు కిలోమీటర్లు. మోకాళ్ళు సహకరించకపోతే ఒకునోయిన్-మాయే బస్టాపులో దిగండి, నడక సగానికి తగ్గుతుంది. చివరి వంతెన దాటాక ఫోటోలు తీయకూడదు.

మిగతా చోట్లలో మెట్లు తక్కువ ఉన్నవే పెట్టండి. క్యోటోలో అందరూ చెప్పే ఫుషిమి ఇనారి అనే కొండ మీది గుడిలో కింది భాగం చూసి వెనక్కి వచ్చేయవచ్చు, పైదాకా ఎక్కక్కర్లేదు. దానికన్నా సంజూసాన్‌గెన్‌దో చూపించండి. 120 మీటర్ల పొడవైన చెక్క మంటపం, అంతా సమతలం. లోపల 1001 కన్నోన్ (మన అవలోకితేశ్వరుడు) విగ్రహాలు, ముందు వరుసలో 28 మంది రక్షక దేవతలు. అందులో బ్రహ్మ, ఇంద్రుడు, వేణువు ఊదే గరుడుడు ఉన్నారు. నారాలోని తోదాయ్-జీ ఆలయంలో 15 మీటర్ల బుద్ధుడికి 752లో నేత్రోన్మీలనం చేసింది భారతదేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు. నాన్నగారికి ఇలాంటివి ఇష్టమైతే నారాకి ఒక పూర్తి రోజు ఇవ్వండి.

సామాను విషయంలో ఒక్క రూపాయి కూడా పొదుపు చేయకండి. పెద్ద పెట్టెల్ని తక్యూబిన్ పార్సెల్‌లో ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి పంపేయవచ్చు, సాధారణంగా మర్నాటికి చేరతాయి. రిసెప్షన్‌లో చెబితే ఫారం వాళ్ళే నింపుతారు. కోయాసాన్‌కి చేతిసంచీ చాలు. బుల్లెట్ రైల్లో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటితే పెద్ద సామానుకు చోటుండే సీటు ముందే రిజర్వు చేసుకోవాలి, ఆ టెన్షన్ కూడా తప్పుతుంది. టోక్యో నుంచి క్యోటో వెళ్ళి రావడమే అయితే జేఆర్ పాస్, అంటే జేఆర్ రైళ్ళలో ఎన్నిసార్లైనా తిరిగే పాస్, కొనకండి. 2023 అక్టోబరులో వారం పాస్ ధర 50,000 యెన్‌లకు పెరిగింది, మామూలు టికెట్లే చవక.

మందులు డాక్టరు చీటీతో నెలరోజులకు సరిపడా తీసుకెళ్ళవచ్చు, అంతకు మించితే ముందుగా అనుమతి కావాలి. కోడీన్ ఉన్న దగ్గు మందులు, సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మాత్రలు పెట్టెలో పెట్టకండి, వాటి మీద అక్కడ గట్టి ఆంక్షలున్నాయి.

ఏ నెలలో వెళ్తున్నారో మీరు రాయలేదు. ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా, ఆగస్టు మధ్యలో వాళ్ళకు సెలవులు, సత్రాలన్నీ నిండిపోతాయి. నవంబరు ఎర్రాకుల కాలంలో కూడా కోయాసాన్ గదులు చాలా ముందే అయిపోతాయి. నెల, ఎన్ని రోజులో చెప్పండి, ఏ ఊరు ముందు పెట్టుకుంటే నడక తగ్గుతుందో రాస్తాను.