ముందు గ్యాప్, తర్వాతే టైమింగ్

అల్లుడూ, ఆశీస్సులు.

మీ నాన్న అంబాసిడర్‌ను మళ్లీ రోడ్డెక్కించావని తెలిసి చాలా సంతోషించాను. శ్రీశైలం నుంచి తిరిగి వస్తూ ఈగలపెంట ఘాట్‌లో నీళ్లు మరిగాయని, ఎవరో రేడియేటర్ మార్చమన్నారని రాశావు. నీళ్లు, ఫ్యాన్ బెల్టు సరిగ్గా ఉంటే ఆ ఖర్చు పెట్టేముందు, ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూడు.

లోపల పాయింట్లను (విడిపోగానే స్పార్క్ పుట్టించే రెండు లోహపు మొనలను) తెరిచే చిన్న ఫైబర్ ముక్క, క్యామ్ అనే తిరిగే గడ్డల ఇరుసును ఒరుసుకుంటూ ఉంటుంది. ఆ ముక్క అరిగేకొద్దీ పాయింట్ల మధ్య సందు, అంటే గ్యాప్, తగ్గుతుంది. పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, స్పార్క్ వెనకబడుతుంది. పిస్టన్‌ను తొయ్యాల్సిన బలం వేడిగా మారుతుంది. బండి లాగదు, ఇంజిన్ కాగుతుంది.

అందుకే ముందు గ్యాప్ పెట్టు. ప్లగ్గులు తీసి, బండి న్యూట్రల్‌లో ఉంచి, ముందు హ్యాండిల్‌తో తిప్పు. ఫైబర్ ముక్క క్యామ్ శిఖరం మీదికి రాగానే ఆపు. నీది 1489 సీసీ ఇంజిన్ కాబట్టి 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను) ఫీలర్, అంటే సందు కొలిచే రేకు, చాలు. అది 0.38 మిల్లీమీటర్లు. రేకు బిగుసుకోకూడదు, ఊగకూడదు. కాస్త పట్టుకుంటూ జారాలి. ఒక పాయింటు మీద గుంట, రెండోదాని మీద బొడిపె కనిపిస్తే పాయింట్లతోపాటు, వాటి మధ్య నిప్పురవ్వలను అణిచే కండెన్సర్ కూడా మార్చు.

వయసులో ఉన్నప్పుడు తొందరపడి ముందు టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) పెట్టి, ఆ తర్వాత గ్యాప్ పెంచాను. స్పార్క్ ముందుకు జరిగి, మహబూబ్‌నగర్‌లో బయల్దేరిన బండి జడ్చర్ల చేరేలోపే నాకింగ్, అంటే ఇంజిన్ లోపల టకటక కొట్టుకోవడం, మొదలుపెట్టింది. ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇక టైమింగ్. ఒకటో సిలిండర్ ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి హ్యాండిల్ తిప్పితే గాలి వేలిని నెడుతుంది. అప్పుడు పుల్లీ మీది గీతను మాన్యువల్ చెప్పిన ముల్లుకు కలుపు. 12 వోల్టుల బల్బు వైరు ఒకటి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే సన్నని కాయిల్ వైరు దగ్గర, రెండోది ఇంజిన్ బాడీకి తగిలించు. తాళం ఆన్ చేసి, బిగింపు బోల్టు వదులు చేసి, డిస్ట్రిబ్యూటర్‌ను, దాని లోపల తిరిగే ముక్క రోటర్ ఎటు తిరుగుతుందో ఆ వైపుకు కొంచెం జరుపు. బల్బు ఆరిపోతుంది. ఇప్పుడు ఎదురు దిశలో వెంట్రుకవాసి చొప్పున తిప్పు. వెలిగిన చోటే బిగించు. పని కాగానే తాళం ఆపు, లేకపోతే కాయిల్ కాలుతుంది.

తర్వాత నలుగురిని ఎక్కించుకుని అదే ఘాట్ ఎక్కించు. టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇత్తడి గిన్నెలో శనగలు రాలినట్టు వినిపిస్తే స్పార్క్ కొద్దిగా వెనక్కి జరుపు. వచ్చాక ఫోను చేసి, బానెట్ ఎత్తి ఇంజిన్ శబ్దం నాకు వినిపించు.

మీ మామయ్య