వాల్యుయేషన్ 31 లక్షలు, బజార్లో అడిగింది 12 లక్షలు: వాల్యుయర్ మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది మిర్యాలగూడ. చిన్నప్పటి నుంచి పాత కార్లంటే ప్రాణం. 2023 సెప్టెంబరులో మహబూబ్‌నగర్‌లో ఒకాయన దగ్గర 1952 మోడల్ ఎంజీ టీడీ, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు 22 లక్షలకు కొన్నాను. 14 లక్షలు బ్యాంకు ద్వారా పంపాను, 8 లక్షలు చేతికిచ్చాను. రసీదు 14 లక్షలకే రాసుకున్నాం. ఆయన చూపించిన వాల్యుయేషన్ రిపోర్టులో 31 లక్షలని ఉంది. అది నమ్మి, ఇంట్లో వద్దన్నా వినకుండా సాగర్ ఎడమ కాలువ కింద ఎకరం పొలం అమ్మాను. ఇప్పుడు కూతురి పెళ్లికి కారు అమ్ముదామంటే 12 లక్షలు దాటి అడిగేవాళ్లు లేరు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఇందులో ఉన్నది అంబాసిడర్ ఇంజిన్ అని 2024 మార్చిలో ఒక మెకానిక్ కూడా అన్నాడు. ఆర్.సి.లోని ఇంజిన్ నంబరుతో ఇత్తడి ప్లేటు చేయించి ఇంజిన్‌కు బిగించి, అదే రిపోర్టు చూపించి బెంగళూరులో అమ్మేయమని మిత్రులు అంటున్నారు. నన్ను ముంచిన వాల్యుయర్ మీద 19 లక్షలకు కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. వేస్తే ఓడిపోతారు.

మీరు పొలం గురించి, ఇంటి గొడవ గురించి, నిద్ర గురించి వివరంగా రాశారు. కేసును తేల్చే మాటను మాత్రం చివర్లో, ‘కూడా’ అని తగిలించి వదిలేశారు. అంబాసిడర్ ఇంజిన్. మీకు కేసంటూ ఉంటే అది అక్కడే ఉంది. 31కీ 12కీ మధ్య తేడాలో లేదు.

ముందు ఆ రిపోర్టు సంగతి. మీరు పంపిన కాపీ మొదటి పేజీలోనే ‘ఇన్సూరెన్స్ నిమిత్తం’ అని ఉంది. అడిగింది అమ్మినాయన, ఫీజు కట్టింది ఆయన. వాల్యుయర్‌కు మీరెవరో తెలియదు. కారు మొత్తంగా పోతే అలాంటిది మళ్లీ సమకూర్చుకోవడానికి ఎంతవుతుందన్నది ఇన్సూరెన్స్ లెక్క. ఈ రోజు డబ్బు చేత పట్టుకుని ఎవరైనా ఎంత ఇస్తారన్నది బజారు లెక్క. ఈ రెండూ కలవాలని ఏ చట్టమూ చెప్పదు. 2023 నవంబరులో న్యూయార్క్‌లో 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ ఒకటి వేలానికి వచ్చింది. అంచనా 6 కోట్ల డాలర్ల పైమాటే. పలికింది సుమారు 5.17 కోట్ల డాలర్లు. జీటీఓలు నలభైకి కొంచెం తక్కువే ఉన్నాయి, అయినా అంచనా అందలేదు. మీ టీడీ మోడల్ 1953 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో దాదాపు 30 వేలు తయారైంది.

భారతీయ సాక్ష్య అధినియమం 39వ సెక్షన్ కింద నిపుణుడి మాట అభిప్రాయం మాత్రమే. దాన్ని రాసినాయన బోనెక్కి క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి. నిలబెడితే ఏం చెబుతాడో ఇప్పుడే చెప్పగలను. రిపోర్టు రెండో పేజీలో ఇంజిన్ నంబరు పక్కన చిన్న అక్షరాల్లో ‘ఆర్.సి. ప్రకారం’ అని ఉంది. అంటే ఇంజిన్ చూసి రాయలేదు, కాగితం చూసి రాశాడు. ఆ ముక్కతో ఆయన బయటపడతాడు.

ఇక అమ్మినాయన. ‘ఇది 31 లక్షల బండి’ అనడం అమ్మేవాడి అభిప్రాయం, దాని మీద దావా నిలవడం కష్టం. ‘ఇంజిన్ ఒరిజినల్’ అనడం అలా కాదు. అది నిజమో అబద్ధమో తేల్చగలిగిన విషయం. అబద్ధమని తెలిసీ అంటే కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కింద మోసం. ఆయన ఆ మాట అన్నాడా? ఎక్కడ, ఎవరి ముందు, ఏ మెసేజ్‌లో? మీ ఉత్తరంలో దీని గురించి ఒక్క వాక్యం లేదు.

ఆయన ఏమీ అనకుండా ఊరుకుని ఉంటే మీ పని ఇబ్బందే. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుండి కూడా తెలుసుకోనివాడు ఎదుటివాడి మౌనాన్ని సాకుగా చూపి ఒప్పందం రద్దు చేసుకోలేడని అదే కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ మినహాయింపు. బానెట్ ఎత్తి ఆర్.సి. పక్కన పెట్టుకుంటే రెండు నిమిషాల పని. అంగట్లో ఎద్దును కొనేవాడు కూడా పళ్లు చూసి కొంటాడు. మీరు బర్రె నీళ్లలో ఉండగానే బేరం ముగించారు. ఆర్.సి.లోని ఇంజిన్ నంబరే వస్తువు వర్ణన, దానికి సరిపడని వస్తువు ఇచ్చాడని సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ కింద వాదించవచ్చు. నేనైతే అదొక్కటే నమ్ముకుని కోర్టుకు వెళ్లను.

రెండో నిర్లక్ష్యం, రసీదు 14 లక్షలకే రాసుకోవడం, ఇంకా ఖరీదైంది. నష్టపరిహారం లెక్క ఇలా ఉంటుంది: కొన్న రోజున అసలు ఇంజిన్‌తో ఈ కారు విలువ ఎంత, ఈ ఇంజిన్‌తో ఎంత, ఆ తేడా. మొదటిదానికి మీరు కట్టిన ధరే దగ్గరి సాక్ష్యం. కాగితం మీద అది 14 లక్షలు. కారు 12 లక్షలు చేస్తుందని మీరే అంటున్నారు. తేడా 2 లక్షలు. మిగతా 8 లక్షలు తీసుకోలేదనే ఆయన అంటాడు. ఎందుకంటే ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా పడే ప్రమాదం పుచ్చుకున్నవాడికే. పొలం అమ్మిన దస్తావేజు, ఆ వారంలో మీరు బ్యాంకులో డ్రా చేసిన స్టేట్‌మెంట్, డబ్బు ఇచ్చేటప్పుడు పక్కన ఉన్నవాళ్లు: ఈ మూడూ కుదిరితేనే 22 అనే అంకె కోర్టులో నిలుస్తుంది.

గడువు విషయంలో మీకు ఎక్కువ సమయం లేదు. మోసం తెలిసిన రోజు నుంచి మూడేళ్లని లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ చూపి మనం 2024 మార్చి నుంచి లెక్కపెట్టవచ్చు. అవతలి లాయరు మాత్రం కారు చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెడతాడు. దాన్నే పట్టుకోండి: 2026 సెప్టెంబరులో మీరు కొన్న తేదీ లోపు దావా పడాలి. లాయరు నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. పెద్దమనుషుల్లో మాట్లాడుతున్నా ఆగదు. వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోయింది. అక్కడ గడువు రెండేళ్లే, పైగా అమ్మినాయన కార్ల వ్యాపారి కాడు. కారు వెనక్కిచ్చి డబ్బు మొత్తం తెచ్చుకోవాలన్న ఆశ కూడా వదులుకోండి. సంగతి తెలిసి ఇన్నాళ్లు ఉంచుకున్నారు కాబట్టి నష్టపరిహారమే అడగాలి.

మీ మిత్రుల ఇత్తడి ప్లేటు సలహా వినగానే ఆ ఫోను పెట్టేయాల్సింది. ఆ ప్లేటు బిగించిన రోజున మోసపోయినవాడు అనే మీ స్థానం పోతుంది, మోసం చేసినవాడు అవుతారు. బెంగళూరు కొనుగోలుదారు మీలా ఉండడు, బానెట్ ఎత్తుతాడు. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు, ఫోర్జరీ అదనం. మహబూబ్‌నగర్ ఆయన మీద మీకున్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని కూడా మీ చేత్తోనే చెరిపేసినవారవుతారు.

ఇప్పుడు చేయాల్సింది. ఇంజిన్ మీద చేయి పెట్టనివ్వకండి. ఛాసిస్, ఇంజిన్ నంబర్ల ఫొటోలు తీయించి, ఆ మెకానిక్ దగ్గర తేదీ వేసి రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మినాయనతో నడిచిన వాట్సాప్ సంభాషణ మొత్తం వెతకండి. ‘ఒరిజినల్’ అన్న ఒక్క మాట వాయిస్ మెసేజ్‌లో దొరికినా మీ కేసు బలం మారిపోతుంది. ఆ ఫోను మార్చవద్దు, అమ్మవద్దు. అందులోని మెసేజ్‌లు కోర్టులో చెల్లాలంటే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు, మరో భాగం నిపుణుడు నింపాలి.

తర్వాత నోటీసు ఇచ్చి, మహబూబ్‌నగర్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ అర్జీ, అంటే దావాకు ముందే రాజీ కోసం అర్జీ, పెట్టండి. ఖర్చుండదు. అక్కడ రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు వస్తే అది డిక్రీతో సమానం. నెలన్నరలో తేలకపోతే దావా వేసి, కారు పరిశీలనకు అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున చూసి రిపోర్టు ఇచ్చే లాయరును) నియమించమని అడగండి.

పెళ్లికి డబ్బు కావాలి కాబట్టి కమిషనర్ చూసి వెళ్లాక కారు అమ్మవచ్చు. అమ్మే ముందు అవతలి పక్షానికి నోటీసు ఇవ్వండి. కొనేవాడికిచ్చే రసీదులో ‘అంబాసిడర్ ఇంజిన్, ఆర్.సి. నంబరుతో సరిపోదు’ అని రాయండి. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ ఇంజిన్ మార్చిన బండిని ఒప్పుకోవు, అదీ చెప్పండి. రేటు తగ్గుతుంది, తగ్గనివ్వండి. సొమ్ము మొత్తం బ్యాంకులోనే తీసుకోండి. అలా పలికిన ధర ఏ వాల్యుయర్ రిపోర్టు కన్నా గట్టి సాక్ష్యంగా మీ ఫైలులో చేరుతుంది.