బి.డి. చదవాలనుకునే తమ్ముడికి ఫీజు డబ్బు ఎక్కడి నుంచి? నా అనుభవం

వందనాలు సిస్టర్. మిర్యాలగూడ దగ్గర పల్లె, నాన్నగారిది కౌలు సేద్యం, తమ్ముడు డిగ్రీ పాసై సేవకు వెళ్తానంటున్నాడు, పాస్టరు కావడానికి చదివే బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ)కి స్కాలర్‌షిప్ ఎక్కడ అప్లై చేయాలి అని అడిగారు కదా. నేనూ అలాంటి ఇంట్లోంచే వెళ్లి 2012లో బి.డి. పూర్తి చేశాను, అందుకని నాకు జరిగింది జరిగినట్టే చెప్తాను.

ఈ చదువుకు డబ్బు ఎక్కువగా సంఘం, అంటే మన చర్చి నుంచే వస్తుంది. నాకు మొదట అది తెలియక, పాస్టరు గారిని అడగడానికి మొహమాటపడి, ఫీజు లేదు భోజనం కూడా ఫ్రీ అంటే ఒక కాలేజీలో చేరిపోయాను, పేరు చెప్పను. ఏడాది గడిచాక తెలిసింది, వాళ్లిచ్చే సర్టిఫికెట్‌కి ఏ యూనివర్సిటీతోనూ సంబంధం లేదని. ఏడాది పోయింది, పైగా నా ఒరిజినల్ మెమోలు ఇవ్వడానికి రెండు నెలలు తిప్పించుకున్నారు. అందుకే ఫీజు కంటే ముందు ఆ కాలేజీ బి.డి. లాంటి డిగ్రీలిచ్చే సెరాంపూర్ సెనేట్‌కి అనుబంధమా కాదా చూడండి. సెరాంపూర్ కాలేజీని 1818లో విలియం కేరీ వాళ్లు పెట్టారు, డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో వచ్చింది. హైదరాబాద్‌లో ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ ఆ సెనేట్ కిందిదే.

రెండోసారి బుద్ధిగా పాస్టరు గారి దగ్గరికే వెళ్లాను. ఆయన పాస్టరేట్ కమిటీలో పెట్టి సిఫార్సు ఉత్తరం రాయించారు, డయాసిస్ (బిషప్ గారి కింద ఉండే సంఘాల మండలం) వాళ్లు ఇంటర్వ్యూ చేసి కాండిడేట్‌గా తీసుకున్నారు. ట్యూషన్ ఫీజు వాళ్లు కట్టారు, మెస్ బిల్లు మాత్రం నాదే. ఆ మెస్ బిల్లు నాలుగేళ్లూ కట్టింది మా ఊరి స్త్రీల మైత్రి (సంఘంలోని ఆడవాళ్ల బృందం) అమ్మలు. వండే ముందు పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టి, ఆదివారం గుడికి తెచ్చి, అవి అమ్మి ఆ డబ్బు పంపేవాళ్లు. వాళ్లలో సగం మంది కూలికి వెళ్లేవాళ్లే. ఆ అన్నం తింటూ క్లాసు ఎగ్గొట్టడానికి నాకు ఎప్పుడూ మనసొప్పలేదు.

ఒక జాగ్రత్త. స్పాన్సర్ చేసేవాళ్లు చదువయ్యాక ఇన్నేళ్లు మేం పంపిన చోట సేవ చేయాలని రాయించుకుంటారు. అందులో తప్పేం లేదు, కానీ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి అనేది కాగితం మీద చూసుకుని, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. నోటి మాట మీద చేరొద్దు.

ఇక ప్రభుత్వం సంగతి. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్‌లో నమోదైన కాలేజీలకే ఫీజు వస్తుంది, కాబట్టి కాలేజీ ఆఫీసులోనే సూటిగా అడగండి. ఎస్సీ కుటుంబాల నుంచి క్రైస్తవులైనవాళ్లకు మన దగ్గర బీసీ-సి వర్తిస్తుంది, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. సేవ కోసం చదివే చదువు, కుల సర్టిఫికెట్ ఉన్నది ఉన్నట్టు పెట్టండి, తర్వాత టెన్షన్ ఉండదు. బ్యాంకు లోన్ మీద ఆశ పెట్టుకోవద్దనే చెప్తాను, పాస్టరు జీతంతో ఆ కిస్తీలు కట్టడం చాలా కష్టం.

విదేశీ స్పాన్సర్ దొరుకుతాడని ఎవరైనా చెప్పినా ఆగండి. 2020లో విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) మార్చాక ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు, దాంతో మిషన్ బోర్డుల నుంచి కాలేజీలకు చేరే సాయం చాలా చోట్ల ఆగిపోయింది. తమ్ముడి సొంత అకౌంట్‌లో అలాంటి డబ్బు వేయించుకోవద్దు. లాంగమ్ పార్ట్‌నర్‌షిప్ లాంటి విదేశీ క్రైస్తవ సంస్థలు డాక్టరేట్ స్థాయికి సాయం చేస్తాయి, అది తమ్ముడికి ఇప్పుడు పనికొచ్చేది కాదు.

మీది స్వతంత్ర సంఘమైతే డయాసిస్ దారి ఉండదు. అప్పుడు మీ పాస్టరు గారి ఉత్తరం పట్టుకుని నేరుగా ప్రిన్సిపాల్ గారిని కలవండి, ఫీజు వాయిదాల్లో కట్టనిస్తారా, లైబ్రరీలోనో మెస్‌లోనో పని ఇచ్చి తగ్గిస్తారా అని అడగండి. నా క్లాస్‌మేట్ ఒకతను సాయంత్రాలు లైబ్రరీలో పని చేసి సగం మెస్ బిల్లు తీర్చుకున్నాడు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక తమ్ముణ్ని తీసుకుని పాస్టరు గారిని కలవండి. బాప్తిస్మం సర్టిఫికెట్, టెన్త్, డిగ్రీ మెమోల జిరాక్సులు తీసుకెళ్లండి, ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి. ఏ సంఘమో ఇక్కడ రాస్తే ఇంకా వివరంగా చెప్తాను.