ఆ ఊరు ఏ నీళ్లు తాగుతుంది?

సాగర్ ఎడమ కాలువ మీద నీటిపారుదల శాఖలో పనిచేసి, పదవీ విరమణ తరవాత నల్లగొండలో స్థిరపడిన మా శీర్షికకర్తకు వీడియో గేములంటే ఎంత ఇష్టమో పాఠకులకు తెలుసు. ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నీ ‘ఫాలౌట్’ ఆటల మీదే. 2077 అక్టోబరు 23న అణుయుద్ధం జరిగి అమెరికా బూడిదయ్యాక, మిగిలిన జనం ఎక్కడెక్కడ ఊళ్లు కట్టుకుని ఎలా బతికారన్నది వీటి కథ. మొదటి ఆట 1997లో వచ్చింది. – సం.

ప్రశ్న: అన్ని ఫాలౌట్ ఆటల్లో మీకు బాగా గుర్తుండిపోయిన ఊరు ఏది? మా స్నేహితులందరూ మెగాటన్ అంటున్నారు. మీరూ అదే అంటారా?
– డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

నేనూ అదే అంటాను. కారణం మాత్రం వేరు. మెగాటన్ 2008లో వచ్చిన మూడో ఆటలోది. వాషింగ్టన్ శివార్లలో పేలకుండా పడి ఉన్న అణుబాంబు చుట్టూ, పాత విమానాల రేకులతో గోడ కట్టుకుని కాపురాలు పెట్టారు. ఆ బాంబునే దేవుడిగా కొలిచే మతం ఒకటి పుట్టింది. దాని గురువు బాంబు కింది మురికినీటి గుంటలో నిలబడి ప్రవచనం చెబుతుంటాడు. ఆ బాంబును మీరు నిర్వీర్యం చేయవచ్చు. లేదా, దూరంగా టెన్‌పెన్నీ టవర్ అనే భవంతిలో ఉన్న ధనవంతుడి కళ్లకు ఈ ఊరు అడ్డుగా ఉందని, డబ్బు తీసుకుని ఊరినే పేల్చేయవచ్చు. అందరూ చెప్పుకొనేది ఈ భాగమే.

నాకు గుర్తుండిపోయినవాడు వాల్టర్. ఊరి నీటి శుద్ధి కేంద్రాన్ని నడిపే ముసలాయన. పైపులు కారుతున్నాయి, ఎక్కి చూసే ఓపిక తనకు లేదు, మూడు చోట్ల బిగించిపెట్టమంటాడు. సరేనంటే కప్పుల మధ్య వేలాడే గొట్టాల వెంట ఊరంతా తిరగాలి. ఎవరి ఇంటి మీదుగా ఏ గొట్టం పోతుంది, ఎక్కడ మలుపు, ఎక్కడ మెట్లు, అన్నీ ఆ తిరుగుడులోనే తెలిసిపోతాయి. ఆట చేసినవాళ్లు మనకు ఊరి నక్ష ఇవ్వలేదు, కారే పైపు ఇచ్చారు. కొత్త సెక్షన్‌కు బదిలీ అయినప్పుడు మేమూ కాలువ కాపలా చూసే పాత లష్కరు వెంట కట్ట మీద నడిచే నేర్చుకున్నాం. కాగితం మీద గీసిన తూములన్నీ కాలువ మీద ఉండవు.

అదే ఊరి గేటు బయట మిక్కీ అనే బిచ్చగాడు ఉంటాడు. అతను డబ్బు అడగడు, శుభ్రమైన నీళ్లు అడుగుతాడు. లోపల ఇన్ని పైపులున్నాయి, బయట ఇతనికి గుక్కెడు నీళ్లు లేవు. కథ రాసినవాళ్లు దీని మీద ఉపన్యాసం ఇవ్వలేదు, గేటు పక్కన కూర్చోబెట్టి ఊరుకున్నారు. నాకు నచ్చింది అదే.

ఇక నా ఫిర్యాదు. ఇంతమంది ఏం తిని బతుకుతున్నారు? ఒక్క మడి కనిపించదు. రెండు తలల పశువులు ఒకటీ అరా తిరుగుతుంటాయి, అంతే. ఈ విషయంలో అదే ఆటలోని రివెట్ సిటీ మెరుగు. రెండు ముక్కలైన విమానవాహక నౌకలో ఊరు పెట్టి, మట్టి లేకుండా నీటిలోనే కూరగాయలు పండించే ప్రయోగశాల కూడా పెట్టుకున్నారు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రిళ్లు తలుపు వేసుకుని ఈ శిథిలాల ఆటే ఆడుతున్నాడు. మనసు పాడవుతుందేమోనని భయంగా ఉందండీ.
– ఒక తల్లి, మహబూబ్‌నగర్

అమ్మా, ఈ ఆటల పెట్టె మీద 17 ఏళ్లు నిండినవారికే అన్న గుర్తు ఉంటుంది. నెత్తురు, బూతు మాటలు చాలానే ఉన్నాయి. అబ్బాయి వయసు ముందు చూసుకోండి. వయసు సరిపోతే, ఒక రాత్రి పక్కన కూర్చుని ‘నువ్వు కట్టిన ఊరు చూపించు’ అనండి. 2015లో వచ్చిన నాలుగో ఆటలో ఊళ్లు మనమే కట్టవచ్చు. మనిషికి ఒక వంతు తిండి, ఒక వంతు నీళ్లు, ఒక మంచం ఉండాలి. చేతిపంపు మూడు వంతుల నీళ్లిస్తుంది, కరెంటు అక్కర్లేదు. నదిలో దించే పెద్ద శుద్ధి యంత్రం నలభై వంతులిస్తుంది కానీ జనరేటరు కావాలి. తిండి, నీళ్లు కలిపిన మొత్తం కంటే కాపలా తక్కువైతే దొంగలు పడే ప్రమాదం పెరుగుతుంది. ఈ లెక్క తప్పకుండా వేస్తున్నాడంటే బుర్ర బాగానే ఉంది. తాగగా మిగిలిన శుభ్రమైన నీళ్లు ఊరి పెట్టెలో చేరతాయి, వాటిని అమ్ముకోవచ్చు. ఆటలో సులువుగా డబ్బు చేసుకునే దారుల్లో ఇదొకటి. మన సందుల్లో 20 లీటర్ల క్యాన్ల వ్యాపారం చూసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

పరీక్షలయ్యేదాకా కంప్యూటర్ తీగ మీ బీరువాలో పెట్టుకోండి. ఆ హక్కు మీకుంది.

ప్రశ్న: ‘న్యూ వేగస్’ ఆడుతుంటే హూవర్ డ్యామ్ దగ్గర మన సాగర్ గుర్తొచ్చింది. ఈ పోలిక నిలుస్తుందా సార్?
– పాఠకుడు, హాలియా

కొలతల్లో నిలవదు. హూవర్ 1931లో మొదలై 1936లో పూర్తయిన కాంక్రీటు ఆనకట్ట. ఎత్తు 221 మీటర్లు. ఇరుకైన బ్లాక్ కాన్యన్‌లో వంపు తిరిగి, నీటి బరువును రెండు వైపులా కొండల మీదికి నెడుతుంది. మనది 124 మీటర్ల రాతి కట్టడం. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. సొంత బరువుతో నీళ్లను ఆపుతుంది. రాయి మీద రాయి మనుషులు పేర్చిన కట్ట అది.

రాజకీయంలో మాత్రం పోలిక నిలుస్తుంది. 2010లో వచ్చిన ఈ ఆటలో కథాకాలం 2281. కొలరాడో నదికి పడమటి ఒడ్డున కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఎన్‌సీఆర్ అనే గణతంత్రం, తూర్పు ఒడ్డున సీజర్ అనే నియంత సైన్యం. మధ్యలో డ్యామ్. దాన్ని పట్టుకున్నవాడిదే కరెంటు, వాడిదే నీళ్లు. మన దగ్గర ఈ ఒడ్డు తెలంగాణ, ఆ ఒడ్డు ఆంధ్రప్రదేశ్. 2023 నవంబరు చివర్లో రెండు రాష్ట్రాల పోలీసులు సాగర్ మీద ఎదురెదురుగా నిలబడిన రోజు హాలియావాళ్లకు నేను గుర్తు చేయనక్కర్లేదు. సీజర్ సైనికుల చేతుల్లో కత్తులు, బల్లేలు ఉంటాయి. మన రెండు పక్షాల చేతుల్లో ఫైళ్లున్నాయి, అదృష్టం.

అయితే ఆటలో డ్యామ్ కంటే బాగా రాసింది దాని చివరి ఆయకట్టును. ఆట ఆడే చాలామంది అక్కడ ఆగరు. వేగస్ దీపాల పక్కనే ఎన్‌సీఆర్ కౌలు పొలాలున్నాయి. అక్కడి రైతుల గోడు మన టెయిలెండ్ రైతుల గోడే: పైన నీళ్లున్నాయి, మాదాకా రావడం లేదు. మధ్యలో ఎవరు మళ్లిస్తున్నారో కనిపెట్టే పని ఒకటి మీకు అప్పగిస్తారు. కనిపెట్టాక, మళ్లించినవాళ్లూ దాహంతో ఉన్న పేదలేనని తెలుస్తుంది. ఇంకో పని దానికంటే ఘోరం. వాల్ట్ 34 అనే భూగర్భ ఆశ్రయంలో అణు రియాక్టర్ పాడై, దాని విషం పొలాల నీళ్లలోకి చేరుతోంది. రియాక్టర్‌ను మూసేస్తే పొలాలు బాగుపడతాయి కానీ లోపల చిక్కుకున్న మనుషులు చచ్చిపోతారు. వాళ్లను బయటికి వదిలితే పొలాలు పోతాయి. రెండూ దక్కే దారి లేదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం కింద రైతు ఒకడు, పైన రైతు ఒకడు, మధ్యలో మేము. షట్టరు ఎంత ఎత్తాలన్న ప్రశ్నకు అందరూ సంతోషించే జవాబు నాకెన్నడూ దొరకలేదు. అందుకే ఈ ఘట్టం రాసినవాళ్లకు దండం పెట్టాలనిపించింది.

మరొక పోలిక కూడా ఉంది. హూవర్ వెనక మీడ్ సరస్సు నిండినప్పుడు సెయింట్ థామస్ అనే ఊరు మునిగింది. ఈ మధ్య దశాబ్దాల్లో నీటిమట్టం పడిపోయి దాని పునాదులు మళ్లీ బయటపడ్డాయి. సాగర్ కింద పోయింది ఇక్ష్వాకుల విజయపురి. తవ్వకాల్లో దొరికిన కట్టడాలు కొన్నింటిని కొండ మీదికి, అనుపు దగ్గరికి తరలించి తిరిగి కట్టారు. లాంచీ ఎక్కి నాగార్జునకొండ వెళ్లేవాళ్లు ఒక రాజధాని మీదుగానే వెళ్తున్నారు.

ప్రశ్న: ఆటలో చూపించే స్థలాలు నిజంగా ఉన్నాయా?
– పాఠకురాలు, కోదాడ

చాలా ఉన్నాయి. న్యూ వేగస్ మొదలయ్యే గుడ్‌స్ప్రింగ్స్ నెవాడాలోని అసలు ఊరే, అక్కడి మద్యశాల 1913 నాటిది. నాలుగో ఆటలోని డైమండ్ సిటీ బోస్టన్‌లో 1912లో తెరిచిన ఫెన్‌వే బేస్‌బాల్ మైదానం, దాని పచ్చ గోడ ఎత్తు నిజంగానే 37 అడుగులు. ఆటలో పేదలు మైదానంలో, డబ్బున్నవాళ్లు పై గ్యాలరీలో ఉంటారు. మూడో ఆటలో, బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ స్మారకాన్ని బానిసల వ్యాపారులు ఆక్రమించుకున్నారు, జెఫర్సన్ స్మారకం నీటి శుద్ధి కేంద్రమైంది. ఏది ఎవరికి దక్కిందో చూడండమ్మా, ఇది ఎంత కొంటెగా రాసిన కథో తెలుస్తుంది.

ప్రశ్న: ఫాలౌట్‌ను మన నల్లగొండ, పాలమూరు ప్రాంతంలో పెడితే ఏ ఊళ్లు బతికేవి? మా దేవరకొండ ఖిల్లా ఉంటుందా?
– పాఠకుడు, దేవరకొండ

కోటలు అందరికీ మొదట తడతాయి. భువనగిరి ఒకే రాతి గుట్ట, శత్రువు ఎక్కలేడు. పైన వాన నీళ్లు పట్టుకునే తొట్లున్నాయి. కానీ ఆ తొట్లతో కావలివాళ్లు బతుకుతారు, ఊరు బతకదు. మీ ఖిల్లా కొంత నయం, కొలనులు, బావులు ఉన్నాయి.

పాలమూరు పిల్లలమర్రి నా పటంలో తప్పకుండా ఉంటుంది. మూడో ఆటలో ఓయాసిస్ అనే చోటు ఉంది. రెండో ఆటలో తల మీద చిన్న మొక్కతో తిరిగిన హెరాల్డ్ అక్కడ వేళ్లు దిగి చెట్టయిపోయాడు. జనం ఆయన్నే దేవుడంటారు, ఆయనేమో నన్ను చంపి పుణ్యం కట్టుకోండి అంటాడు. ఏడు వందల ఏళ్లదని చెప్పుకొనే మన మర్రికి 2018లో చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఆ ఫొటో చూసినప్పుడు, ఇది ఎవరో కల్పించిన దృశ్యమంటే నమ్మేవాణ్ని.

అసలు చిక్కు నీళ్లతోనే. ఆటలో రేడియేషన్ ఉన్న నీటి దగ్గరికి వెళ్తే చేతి యంత్రం టిక్కుటిక్కుమంటుంది. మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో బోరు నీళ్లు అలా ఏ చప్పుడూ చేయలేదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముందు పళ్లు గారపడతాయి, మరీ ఎక్కువైతే ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఎముకలు వంగిపోతాయి. పటిక, సున్నం కలిపి, తేర్చి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అంటుంది. అది గర్వపడాల్సిన పేరో కాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కాబట్టి అణుయుద్ధం తరవాత ఇక్కడ ఊరు కట్టేవాడు బోరు జోలికి పోకూడదు.

నేనైతే పానగల్లులో కడతాను. ఉదయ సముద్రం ఇప్పుడు నిండేది పుట్టంగండి దగ్గర మోటార్లు కృష్ణ నీళ్లు ఎత్తిపోస్తేనే. కరెంటు పోతే ఆ మోటార్లు ఆగుతాయి. కానీ మోటార్లు లేని కాలంలోనే తవ్వించిన చెరువు అది. దానికంటూ పరీవాహకం ఉంది, వాన పడితే కొంతైనా వస్తుంది. పక్కనే ఛాయా సోమేశ్వరాలయం, రాతి గోడలు గట్టివి, ధాన్యం దాచుకోవచ్చు. నల్లమల మీద మాత్రం ఒక కాపలా బురుజు పెడతాను. రెండో ఆటలో బ్రోకెన్ హిల్స్ అనే ఊరు యురేనియం గని మీదే బతుకుతుంది. 2019లో అమ్రాబాద్ అడవిలో యురేనియం అన్వేషణ అన్నప్పుడు జనం ఎలా లేచారో మనం చూశాం. ఆ ఊరి కథ ఇక్కడ మొదలవకూడదు.

ప్రశ్న: ఆ 1997 నాటి మొదటి ఆట ఇప్పుడు ఆడవచ్చా? నా కంప్యూటర్ పాతది. మొదట ఏ ఊరికి వెళ్లాలి?
– పాఠకుడు, సూర్యాపేట

పాతదైనా సరిపోతుంది బాబూ. బొమ్మలు మొరటుగా ఉంటాయి, చదవాల్సింది ఎక్కువ. కథ కూడా నీళ్లదే: మీరు పుట్టిన భూగర్భ ఆశ్రయంలో నీటి శుద్ధిని నడిపే చిప్పు పాడైంది, 150 రోజుల్లో కొత్తది తేవాలి. మొదట షేడీ శాండ్స్‌కు వెళ్లండి. మట్టిగోడల చిన్న పల్లె, చుట్టూ పొలాలు. రెండో ఆట నాటికి ఇదే పల్లె ఎన్‌సీఆర్ రాజధాని అవుతుంది, సర్పంచి కూతురు టాండీ అధ్యక్షురాలవుతుంది. పొలం, బావి ఉన్న ఊరు రాజ్యమైందంటే నేను నమ్ముతాను.

తరవాత హబ్ అనే వర్తకుల పట్నం. అక్కడి నీళ్ల వ్యాపారులకు డబ్బిస్తే మీ ఆశ్రయానికి నీళ్ల బండ్లు పంపుతారు, గడువు ఇంకో వంద రోజులు పెరుగుతుంది. చిప్పు ఉన్నది మాత్రం నెక్రోపోలిస్‌లో, కాలిపోయిన చర్మంతో బతుకుతున్న జనం దగ్గర. వాళ్ల నీళ్లూ దాని మీదే నడుస్తున్నాయి. అది పీకేస్తే వాళ్ల గొంతులు ఎండుతాయి. అక్కడే ఒక పాడైన పంపు ఉంది, దానికి కావలసిన సామాను కింద మురుగు సొరంగాల్లో దొరుకుతుంది. పాత్రను తయారు చేసుకునేటప్పుడే మరమ్మతు నైపుణ్యానికి నాలుగు మార్కులు ఎక్కువ వేసుకోండి. ముందు పంపు బాగుచేసి, నీళ్లు వస్తున్నాయని చూసుకుని, ఆ తరవాతే చిప్పు తీసుకోండి.